తల్లి మడి

ముద్ద పువ్వుకి విత్తనం ఉండదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మా ఇంట్లో జరిగింది మొత్తం అర్థమవుతుంది, కాబట్టి మొదట కాస్త ఓపిక పట్టండి.

మేము పెంచేది స్టాక్ పూలు. మోకాలి ఎత్తు కాడ, కాడ చుట్టూ పైదాకా గుత్తంగా పూలు, లవంగాలు దంచినట్టు వాసన. కోసి, కట్టలు కట్టి, పూల కొట్లకి వేస్తాం. పెళ్లికీ అవే, చావుకీ అవే. వాసన మాట విని మురిసిపోకండి. అదే కట్టని బకెట్లో పెట్టి రెండు రోజులు నీళ్లు మార్చకపోతే కుళ్లిన క్యాబేజీ కంపు. ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న మాట మా షెడ్డుని చూసే పుట్టిందేమో అని మా అక్క మొగుడు, బావ, నవ్వుతుంటాడు.

ఈ పూల తీరు ఒక వింత. ఒకే కాయలోని గింజలు చల్లినా సగం మొక్కలు ముద్దవి వస్తాయి, సగం రేకవి వస్తాయి. ముద్దది పొరలు పొరలుగా, నిండుగా, చూడగానే చెయ్యి చాపాలనిపించేలా ఉంటుంది. రేకదానికి నాలుగంటే నాలుగే రేకులు, ఊరికే ఇస్తామన్నా కొట్లవాళ్లు తీసుకోరు. కానీ కాయ కాసేది ఆ రేకదే. ముద్దదానికి కాయా లేదు, గింజా లేదు. ఎవరికీ అక్కర్లేని రేక మొక్క తన గింజల్లో సగం ముద్ద పూలని దాచుకుని వచ్చే ఏడాదికి మోసుకొస్తుంది.

పూసేదాకా ఆగి తేల్చుకుందామంటే మడిలో సగం చోటు దండగ. అందుకని నారులోనే ఏరేస్తాం. నారు నాలుగాకులు వేశాక షెడ్డు పక్కలకి కట్టిన ప్లాస్టిక్ పట్టాలు పైకి చుట్టి నాలుగైదు రోజులు చలి తగలనిస్తాం. చలికి ముద్దవి కొంచెం పాలిపోతాయి, రేకవి ముదురు పచ్చగానే ఉండిపోతాయి. పాలిపోయినవి ఉంచాలి, ముదురువి పీకాలి. చెప్పడానికి ఇంతే. నిజానికి రెండూ ఆకుపచ్చే. ఎండ ఎక్కితే తేడా తెలియదు, మబ్బు దట్టంగా ఉన్నా తెలియదు. పొద్దున్నే ఒక గంటో గంటన్నరో కనిపిస్తుంది, అదీ చూపున్నవాళ్లకి.

మా ఇంట్లో ఆ చూపు అక్కది. నాకంటే పదకొండేళ్లు పెద్ద. అమ్మ నా నాలుగో ఏట పోతే నన్ను నడుముకెత్తుకుని, నాన్న దగ్గర ఈ పని నేర్చుకుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ట్రే మీద ఒక్కసారి కళ్లు తిప్పిందంటే వేళ్లు వాటంతట అవే నడుస్తాయి; వంద మొక్కలకి ఒకటి తప్పితే గొప్ప. నేను పక్కన కూర్చుంటే "నీకు చూపు లేదే, లే" అంటుంది. ముప్పై ఏళ్లుగా ఇదే మాట. నా పని ఆవిడ పీకిన నారుని బుట్టలో మోసుకెళ్లి ఎరువు గుంటలో వెయ్యడం, పూలు వచ్చాక కాడల కింది ఆకులు దూయడం. యాభై దాటినా ఈ ఇంట్లో నేను చిన్నపిల్లనే. పెళ్లి కాలేదు, ఎందుకు కాలేదో ఊళ్లో తలా ఒక కారణం చెబుతారు, నేను దేన్నీ కాదనను.

ఇక మా రంగు గురించి చెప్పాలి. తెలుపు, ఊదా, గులాబీ ఎవరైనా పెంచుతారు, విత్తనాల దుకాణంలో పొట్లాలు దొరుకుతాయి. మాది పాలలో నేరేడుపండు పిండినట్టుండే రంగు. నాన్న ఏటేటా ఏరి, నచ్చనిదాన్ని కనికరం లేకుండా తీసేసి, ఇరవై ఏళ్లకి ఒక దారికి తెచ్చాడు. మొక్క విషయంలో ఆయనకి జాలి లేదు, మనిషి విషయంలోనూ అంతంతమాత్రమే. ఆయన పోయి ఇరవై రెండేళ్లయింది. ఆ రంగు ఇంకెక్కడా లేదు. అది ఉంది కాబట్టే ఇంత చిన్న తోట నిలబడింది, కొట్లవాళ్లు మా వ్యాను కోసం తలుపులు తీసి కూర్చుంటున్నారు. విత్తనం పోయిందంటే అన్నీ పోయినట్టే. అందుకే ప్రతి ఏడూ రెండు ట్రేలు వేరే పెడతాం, తల్లి ట్రేలు అంటాం. వాటిలో మాత్రం పని తిరగేసి చెయ్యాలి. పాలిపోయినవి పీకి, ముదురువి ఉంచాలి. ఆ రేక మొక్కల్ని నీళ్ల తొట్టి వెనక చిన్న మడిలో నాటుతాం. అది తల్లి మడి. అందులో ఎవరూ కత్తి పెట్టరు. వచ్చిన విత్తనంలో సగం చల్లి, సగం రేకు డబ్బాలో దాస్తాం, ఏ ఏడాదైనా పంట పోతే ఉంటుందని.

ఈ ఏడాది అక్క రెండుసార్లు విత్తనం చల్లింది.

మొదట ఎప్పటిలాగే ముప్పై ట్రేలు. వారం తర్వాత నేను పట్టాలు కుట్టించడానికి వెళ్లి తిరిగొచ్చేసరికి ఇంకో ముప్పై ట్రేలు తడిపి వరసగా పెట్టి ఉన్నాయి. డబ్బా బోర్లించి ఉంది. "ఇదేంటక్కా, డబ్బాలోవి కూడానా?" అన్నాను. "మొదటివి మొలవలేదుగా" అంది. మొలిచాయి. ఆవిడ వెనకే, బల్ల మీద, చీమ తలంత ఆకులతో లేచి ఉన్నాయి. వాటి వంక ఒకసారి చూసి, "ఆ, అవీ ఉంటాయి, ఇవీ ఉంటాయి. ఈసారి ఎక్కువ వేద్దామని" అంది. కొట్లవాళ్లు ఇంకా కావాలని అడుగుతూనే ఉన్నారు కదా అని నేనూ ఊరుకున్నాను. తల్లి మడి ఉంది, డబ్బా మళ్లీ నిండుతుంది అనుకున్నాను.

చలి రోజులు వచ్చాయి. అక్క శాలువా కప్పుకుని పీట మీద కూర్చుంది. అరవై ట్రేలు, నాలుగు పొద్దులు. ఆ వేళ్లు ఎప్పటిలాగే నడిచాయి, నేను ఎప్పటిలాగే బుట్ట మోశాను. నాలుగో పొద్దున ఆఖర్న తల్లి ట్రేలు ముందుకు లాక్కుంది. బుట్టలో పడుతున్న మొక్కలు చూశాను. ముదురుగా కనిపించాయి.

"అక్కా, ఇవి తల్లి ట్రేలు కదా?"

"నాకు చెప్తున్నావా?"

"కాదు, ముదురువి పీకుతున్నట్టుంటేనూ..."

"ఏది ముదురో నీకెప్పుడు తెలిసిందే?" అంది తల ఎత్తకుండానే. "బుట్ట తియ్యి. ఎండ వచ్చేస్తోంది."

తీశాను. గుంట దగ్గర నిలబడి బుట్ట వంచే ముందు ఒక మొక్కని చేతిలోకి తీసుకుని చూశాను కూడా. ముదురుగానే ఉంది. కానీ చూపు లేదని ముప్పై ఏళ్లు విని విని, నా కంటిని నేనే నమ్మలేకపోయాను. అక్క తప్పు చేస్తుందనుకోవడం కంటే నాకే సరిగ్గా కనిపించడం లేదనుకోవడం తేలిక. బుట్ట బోర్లించి, దులిపి, వెనక్కి వచ్చేశాను. ఇందులో ఎవరినైనా అనాలంటే నన్నే అనాలి.

అలాంటి పంట మా తోటలో ఎప్పుడూ రాలేదు. మడి తర్వాత మడి, ఎటు చూసినా ముద్ద పూలే. మామూలుగా ఎంత ఏరినా అక్కడొకటి ఇక్కడొకటి రేకది తప్పించుకుంటుంది. ఈసారి అదీ కనపడలేదు. పూల కొట్టు యజమాని ఒకాయన స్వయంగా వచ్చి మడుల మధ్య నడిచి, "అమ్మా, మీ చేతులకి దండం పెట్టాలి" అని అక్కతో అన్నాడు. అక్క నవ్వి, "చేతులదేముంది బాబూ, కళ్లది" అంది.

తల్లి మడి నీడలో ఉంటుంది కాబట్టి పది రోజులు ఆలస్యంగా పూస్తుంది. ఒక పొద్దున అక్క నన్ను గట్టిగా పిలిచింది. తొట్టి వెనక్కి వెళ్లాను. ఆవిడ మడి అంచున నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది.

"చూశావా? ఒక్క రేకది లేదు!"

నిజమే, ఒక్కటీ లేదు. పూసినవన్నీ ముద్దవే. మొగ్గ మీదున్నవి వేళ్లతో విప్పి చూశాను, అవీ ముద్దవే. మూడుసార్లు మడి చుట్టూ తిరిగాను, తిరిగితే మారతాయన్నట్టు.

"అక్కా, ఇది తల్లి మడి" అన్నాను.

"ఊఁ. ఎంత బాగుందో చూడు. దీన్నెప్పుడు కోద్దాం?"

అప్పుడు తెలిసింది నాకు. చూపు అలాగే ఉంది, వేళ్లూ అలాగే ఉన్నాయి, ఎందుకు పీకుతున్నామో ఆ సంగతి మాత్రం ఆవిడలోంచి జారిపోయింది. ఎప్పుడు జారిందో, పక్కనే ఉన్న నేను చూడలేదు.

బావకి చెప్పాను. వ్యాను తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కటే బయటపెట్టాడు. రెండు నెలల కిందట మార్కెట్లో అక్క వ్యాను దిగి మళ్లీ ఎక్కడుందో తెలియక ఏడ్చిందట. ఇంట్లో తన చెప్పులు తానే దాచుకుని వెతుకుతోందట. "నీకు చెబితే బెంగ పెట్టుకుంటావని చెప్పలేదు మరదలు పిల్లా" అన్నాడు. డబ్బా బోర్లించిన సంగతి నేనూ ఆయనకి చెప్పలేదు. ఒకరి బెంగ ఒకరికి తెలియకుండా ఎంత జాగ్రత్తపడ్డామో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇవాళ ఏ వారం అని ఆయన అక్కని అడిగాడు. "ఇంత చదువుకున్నారు, మీకు తెలీదా?" అంది అక్క. బావా నేనూ నవ్వాం. డాక్టరు నవ్వలేదు. మందులు రాశాడు గానీ, ఇవి తిప్పి తెచ్చేవి కావు, కాస్త నెమ్మదింపచేసేవి మాత్రమే అని బయటికి పిలిచి చెప్పాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మొదలుపెట్టాం వెతకడం. కోయడానికి ఇంకా సగం మడులు మిగిలి ఉన్నాయి. ఎంత చూపైనా ఎక్కడో ఒక రేకది తప్పి ఉండకపోదా అని ఆశ. ఒక్కటి దొరికినా చాలు, దానంతట అదే కాయ కాస్తుంది, నాలుగు కాయలు వస్తే నాలుగేళ్లలో మడి నిండుతుంది. అక్క నిద్ర లేవకముందే నేను ఒక చివర, బావ ఒక చివర, వరసలో ఒక్కో కాడా పక్కకి వంచి చూశాం. ఎరువు గుంట కూడా కర్రతో తవ్వాను, అక్కడ బురద తప్ప ఏమీ లేదు. మూడో పొద్దున, ఆరో మడి అంచున, రెండు బలిసిన కాడల మధ్య పీలగా ఒకటి కనిపించింది. నాలుగు రేకులు. కింద అప్పుడే రాలిన పువ్వుల చోట సూదుల్లా రెండు లేత కాయలు.

నేను మట్టిలో కూలబడి ఏడ్చేశాను. "ఇంత పూల మధ్య ఈ బక్కదాన్ని పట్టుకుని ఏడుస్తున్నావేంటే" అన్నాడు బావ, తనూ పక్కనే కూర్చుంటూ.

దానికి నేను ఏ గుర్తూ పెట్టలేదు. గుర్తు పెడితే అక్క కంట పడుతుంది. మళ్లీ మళ్లీ వెళ్లి చూసి వస్తుండేదాన్ని, అంతే. కానీ మర్నాడు ఆ మడి కోతకి రావాలి. ఈసారి అక్కకి బదులు కోసేది బావ. ఆయనకి ఆ మొక్కని కత్తితో తనే ఎక్కడ లేపేస్తాడోనని భయం పట్టుకుంది. పొద్దున్నే దాని పక్కన ఒక పుల్ల గుచ్చి వ్యాను కడగడానికి వెళ్లాడు. మా మడుల్లో పుల్లకి ఒకటే అర్థం: ఈ మొక్క చెడింది, పీకెయ్యి. పాతికేళ్లు పైగా ఈ ఇంట్లో ఉన్నాడు, ఆ సంగతి ఆయనకి తెలియదంటే ఎవరూ నమ్మరు. కానీ ఆయన ఎప్పుడూ వ్యాను మనిషే, పూలు కట్టలయ్యాకే ఆయన చేతికి వచ్చేవి.

నేను షెడ్డులో ఆకులు దూస్తున్నాను. అక్క లోపలికి వచ్చింది. చేతిలో వేళ్లతో సహా మొక్క, ఇంకా మట్టి రాలుతోంది.

"ఇది చూడు. పూసి, కాయ పట్టేదాకా ఒక్కరికీ కనపడలేదు. పైగా పుల్ల గుచ్చి వదిలేశారు! పుల్ల గుచ్చినవాళ్లకి పీకడానికి నొప్పేంటట?"

ఆ క్షణం అక్కని కొట్టాలనిపించింది. అనిపించిందని ఒప్పుకుంటున్నాను. ఆకులు దూసే కత్తి బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ కొంగులో చుట్టుకున్నాను. నెమ్మదిగా మొక్కని ఆవిడ చేతిలోంచి తీసుకుని, కుండీలో పెట్టి, నీళ్లు పోసి, నా గదిలో కిటికీ పక్కన ఉంచాను. పదకొండు రోజులు చూశాను. తల వాల్చేసింది, ఆకులు రాల్చేసింది. కాయలు రెండూ ఎండిపోయాయి. విప్పితే లోపల తెల్లటి పొట్టు, ఊదితే ఎగిరిపోయింది.

బావ ఆ తర్వాత రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పుల్ల మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఆఖరి కోత అయ్యాక మడులు ఖాళీ అయ్యాయి, ఇంక చెయ్యడానికి పని కూడా లేదు.

మామూలుగా విత్తనం తీసే రోజులు వచ్చాయి. మందుల మహిమో ఏమో, అక్క కొంచెం తేరుకుంది. తేరుకోకపోయినా బాగుండేది. ఒక పొద్దున స్నానం చేసి, వరండాలో దుప్పటి పరిచి, పళ్లెం పెట్టుకుని కూర్చుని, "రేకవాటి కాయలు ఎండాయా? పట్టుకురా, నలుపుదాం" అంది. రేకవి అంది, ఆ మాటే అంది. ఇంకా ఎండలేదక్కా అన్నాను. మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ. "ఎండా కాస్తూనే ఉంది, కాయలు మాత్రం ఎండవా?" అని అనుమానంగా చూసింది.

ఏడో రోజున విత్తనాల దుకాణానికి వెళ్లి ఇవే పూల పొట్లం ఒకటి కొన్నాను. ఏ రంగైతేనేం, గింజని చూసి రంగు ఎవరు చెప్పగలరు? పళ్లెంలో పోసి అక్క ముందు పెట్టి, "నేనే నలిపేశాను, చూడు" అన్నాను. అక్క చిటికెడు తీసుకుని బొటనవేలితో అరచేతిలో రుద్దింది. మళ్లీ రుద్దింది.

"ఇవి మనవి కావే."

"మనవే అక్కా."

"చేత్తో నలిపిన గింజకి అంచు చిరుగుతుంది. ఇది యంత్రంలో తిప్పింది." గింజల్ని పళ్లెంలో రాల్చి, నా మొహంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత మా అక్క పూర్తిగా నా ఎదుట కూర్చుని ఉంది. "మనవి ఏవి?"

నువ్వే పీకేశావు అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాట విని తట్టుకునేంత తెలివి ఆ పొద్దున ఆవిడకి ఉంది, అదే నా భయం.

"నేను పీకేశాను" అన్నాను. "తల్లి ట్రేల్లో తిరగేసి పీకాలని మర్చిపోయి, ముదురువి పీకేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"డబ్బాలోవి?"

"అవి కూడా చల్లేశాం అక్కా. ఒక్క గింజ లేదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. అక్క పళ్లెం వంక చూస్తూ కూర్చుంది. తర్వాత ఉన్నట్టుండి లేచి, నా మోచెయ్యి పట్టుకుని లేపింది. ఆ పట్టు అలాగే ఉంది, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పటి పట్టు.

"నాన్న వచ్చే వేళైంది" అంది గొంతు తగ్గించి.

"అక్కా..."

"నోర్ముయ్. గదిలోకి పోయి తలుపేసుకో. నేను పిలిచేదాకా బయటికి రాకు. నేనే పీకానని చెప్తాను."

"వద్దక్కా."

"నువ్వు చిన్నదానివే, ఆయన కోపానికి తట్టుకోలేవు. నన్నైతే రెండు మాటలని ఊరుకుంటాడు. పో!"

వెళ్లాను. తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. అక్క గేటు దగ్గరికి నడిచింది. చీర సర్దుకుంది, చెంపలు తుడుచుకుంది. రోడ్డు వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పే పిల్లలా, చెప్పాల్సిన మాట మెల్లగా అనుకుంటోంది.

"నేనే పీకాను నాన్నా. చూసుకోలేదు. నేనే పీకాను."